లోపలికి దారి, బయటికి తాళం

ఇంట్లో టూ ఇన్ వన్ ఉన్న కాలంలో పాట వినడం, పాట పట్టుకోవడం రెండూ ఒకే పెట్టె చేసే పనులు. రేడియోలో నచ్చిన పాట మొదలవగానే ప్లే, రికార్డు బటన్లు రెండూ కలిపి నొక్కేవాళ్ళు. బజారులోని రికార్డింగ్ షాపుకు పాటల చీటీ పట్టుకెళ్ళి అరవైదో తొంభైదో ఒక క్యాసెట్ నింపించుకునేవాళ్ళు. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు ఉత్తరానికి బదులు తమ గొంతునే టేపులో పెట్టి పంపేవాళ్ళు. ఆ అలవాటు క్యాసెట్టుతో పుట్టి క్యాసెట్టుతోనే పోయిందని మనకు అనిపించడం సహజం. క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి వందకు పైగా పాటలు పట్టే ఎంపీత్రీ డిస్కుకు, అక్కడి నుంచి ఫోనుకు వచ్చేశాం కాబట్టి సీడీ దగ్గరే మన చేతిలోని రికార్డు బటన్ మాయమైంది. జపాన్‌లో మాత్రం ఆ దారిలో ఇంకో మజిలీ ఉంది. సోనీ సంస్థ 1992 నవంబరులో అమ్మకానికి తెచ్చిన మినీడిస్క్, అంటే అందరి నోటా ఎండీ, అక్కడ ఏళ్ళ తరబడి ఇళ్ళలో, కార్లలో, బడిపిల్లల సంచుల్లో కనిపించిన వస్తువు. ఇంట్లో రికార్డు చేసుకునే మనిషికి అంతకుముందు లేనంత పనితనాన్ని చేతికిచ్చిన యంత్రమది. ఆ మనిషిని అడుగడుగునా అనుమానించిన యంత్రం కూడా అదే. ఎండీ ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు తేలిక: ఐపాడ్ వచ్చింది. దానితో పాటు ఇంటి రికార్డిస్టు కూడా ఎందుకు కనుమరుగయ్యాడన్నది అసలు ప్రశ్న. పోటీ యంత్రాన్ని చంపి ఉండొచ్చు గాని, ఆ జీవనవిధానానికి ఊపిరాడకుండా చేసింది తాళమేనని నా వాదన.

ముందు ఆ పనితనం ఎలాంటిదో చూడాలి. అడ్డంగా 64 మిల్లీమీటర్లుండే డిస్కును చిన్న ప్లాస్టిక్ తొడుగులో బిగించారు. తొడుగుకు జారే తలుపు ఉంటుంది, కాబట్టి వేలిముద్రలు పడవు, గీతలు పడవు. రాసేటప్పుడు కింది నుంచి లేజరు ఒక సూక్ష్మమైన చుక్కను దాదాపు 180 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఆ వేడిలో చుక్క తన పాత అయస్కాంత దిశను మరచిపోతుంది. పైనున్న అయస్కాంతపు తల కొత్త దిశ ఇస్తుంది. చల్లారగానే అదే స్థిరపడుతుంది. చదివేటప్పుడు లేజరు బలహీనంగా వెలుగుతుంది, తిరిగొచ్చే కాంతిలోని చిన్న మెలికను బట్టి ఒకటో సున్నానో తెలుస్తుంది. మామూలు వేడికి, మామూలు అయస్కాంతాలకు చెరగదు. కావాలనుకుంటే పది లక్షల సార్లు తిరగరాయవచ్చని సోనీ చెప్పుకుంది. సీడీలో పాటకు సెకనుకు 14 లక్షల బిట్లు ఖర్చవుతాయి. ఎట్రాక్ అనే కుదింపు పద్ధతి, పెద్ద చప్పుడు పక్కన చెవికి అందని చిన్న చప్పుళ్ళను వదిలేసి, దాన్ని 2.9 లక్షలకు తెచ్చింది. అందుకే అంత చిన్న డిస్కులో సీడీలో పట్టినట్టే 74 నిమిషాలు, తర్వాత 80 నిమిషాలు పట్టాయి. చదివే వేగం పాటకు కావలసిన దానికన్నా చాలా ఎక్కువ కాబట్టి రాబోయే కొన్ని సెకన్ల పాట ఎప్పుడూ యంత్రం జ్ఞాపకంలో సిద్ధంగా ఉండేది. నడుస్తున్నా పరిగెత్తినా పాట తెగేది కాదు. అప్పటి జేబు సీడీ ప్లేయర్లు కుదుపుకి తడబడుతుండగా ఇది సాధించింది.

ఇదంతా ఇంజినీర్ల గొప్ప. ఇంటి మనిషికి దక్కిన గొప్ప వేరే చోట ఉంది. ఎండీలో పాట వేరు, పాటల పట్టిక వేరు. ఏ పాట డిస్కులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టిక ఒకటి లోపలి అంచున ఉంటుంది. వాడేవాళ్ళు దాన్ని టీఓసీ అంటారు. పాటను రెండుగా విడగొట్టాలన్నా, రెంటిని కలపాలన్నా, ఐదో పాటను మొదటికి జరపాలన్నా, మధ్యలో ఒకటి చెరిపేయాలన్నా మారేది ఈ పట్టిక మాత్రమే. ధ్వని ఉన్నచోటే ఉంటుంది. టేపు మీద ఈ పని చెయ్యాలంటే బ్లేడు పట్టి కోసి అతికించాలి, లేదా ఇంకో టేపు మీదికి మొత్తం మళ్ళీ ఎక్కించాలి. స్టూడియోలో ఎడిటర్ చేసే పని ఎండీలో బొటనవేలితో అయిపోయింది. ఖాళీ చోటు ఎక్కడుందో వెతుక్కోనక్కర లేదు, పాత పాట మీద కొత్తది పొరపాటున పడదు, ప్రతి పాటకూ పేరు రాసుకోవచ్చు. కొన్ని డెక్కులకైతే కంప్యూటర్ కీబోర్డు తగిలించుకుని పేర్లు కొట్టుకునే వీలు కూడా ఉండేది. దీనికో మూల్యం ఉంది. రికార్డింగు ఆపాక యంత్రం పట్టిక రాసుకునే ఆ కొన్ని క్షణాల్లో బ్యాటరీ ఊడితే, గంటసేపు పట్టిన ధ్వని డిస్కు మీద భద్రంగా ఉండి కూడా లేనట్టే అయిపోయేది. అలాంటి డిస్కుకు, పూర్తిగా నిండిన వేరే డిస్కు పట్టికను అంటగట్టి ధ్వనిని బయటికి లాగే ఉపాయాన్ని కనిపెట్టింది కూడా వాడుకరులే. వినేవాళ్ళుగా మిగిలిపోకుండా, తమ యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలిసిన జనాన్ని ఆ యంత్రం తయారుచేసింది.

జపాన్‌లో ఈ అలవాటుకు పునాది అద్దె దుకాణాలు. టోక్యో శివారు మితాకాలో 1980లో రేకోదో అనే దుకాణం గ్రామఫోను రికార్డులను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అలాంటివి దేశమంతా మొలిచాయి. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి అద్దె హక్కును గుర్తించడంతో ఆ వ్యాపారం చట్టబద్ధంగా స్థిరపడింది. కొత్త సీడీ ఆల్బం కొనాలంటే మూడు వేల యెన్‌ల మాట. అద్దెకైతే కొన్ని వందలతో సరి. సాయంత్రం సీడీ తెచ్చుకోవడం, దాన్ని ఎండీలోకి ఎక్కించడం, గడువులోగా తిరిగిచ్చేయడం. సీడీ, ఎండీ, రేడియో మూడూ ఒకే పెట్టెలో ఉండే స్టీరియోలు ఇందుకోసమే అమ్ముడుపోయేవి. ఎక్కించడానికి పాట ఎంతసేపుంటే అంతసేపూ పట్టేది. ఎక్కించేవాళ్ళు ఆ గంటా పాట వింటూ ఉండేవాళ్ళు, తర్వాత పేర్లు రాసేవాళ్ళు, డిస్కుతో పాటు వచ్చిన చిన్న స్టిక్కర్ల మీద చేతిరాతతో ముత్యాల్లా దిద్దేవాళ్ళు. ఒక్కో డిస్కు ఒక ఎంపిక. మామూలు స్టీరియోలో 80 నిమిషాలకు మించి పట్టదు కాబట్టి ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం తప్పదు. మన రికార్డింగ్ షాపులకిచ్చిన పాటల చీటీలోనూ ఇదే నిర్ణయం ఉండేది. అయితే చీటీ రాసేది ఒకరు, రికార్డు చేసేది ఇంకొకరు. ఎండీ ఆ ఇద్దరినీ ఒకరిని చేసింది.

మైకు పట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. జేబులో పట్టే యంత్రం, చిన్న మైకు, ఇసుమంత రొద లేని డిజిటల్ రికార్డింగ్. 1990లలో ఈ మూడూ ఒకచోట అంత తక్కువ ధరకు దొరకడం కొత్త. రేడియో విలేకరులు ఇంటర్వ్యూలకు వాడారు. కచేరీలకు వెళ్ళేవాళ్ళు, అడవిలో పక్షుల కూతలు పట్టేవాళ్ళు, ముసలివాళ్ళ మాటలు భద్రపరచేవాళ్ళు వాడారు. మాటకు స్టీరియో అవసరం లేదనుకుంటే మోనోలో పెట్టి రెట్టింపు సేపు పట్టుకునే వీలుంది. సంగీతకారులకైతే అది నోటుబుక్కు. రేడియోహెడ్ బృందం 'ఓకే కంప్యూటర్' ఆల్బం తయారవుతున్న రోజుల్లో బృంద గాయకుడు థామ్ యార్క్ చేతిలోని 18 ఎండీల్లో చిత్తుపాటలు, సగం కట్టిన బాణీలు, రిహార్సళ్ళు గంటల కొద్దీ చేరాయి. 2019లో ఆ ధ్వని బయటి చేతుల్లో పడింది. బృందం ఆ ముడిసరుకునంతా తామే 18 పౌండ్లకు అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బును ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే పర్యావరణ ఉద్యమానికి ఇచ్చేసింది. ఒక ప్రసిద్ధ ఆల్బం పుట్టుక అలా వినే అవకాశం ప్రపంచానికి దక్కిందంటే, ఎవరో ఆ డిస్కుల్లోంచి ధ్వనిని కంప్యూటర్ ఫైళ్ళుగా మార్చడం వల్లనే. డిస్కు ఎంత మన్నినా, అందులోంచి బయటికొచ్చిన ధ్వనికే రెండో బతుకు ఉంటుంది.

ఆ బయటికొచ్చే దారి దగ్గరే తాళం పడింది. డిజిటల్ నకలుకు నకలు తీసినా నాణ్యత తగ్గదన్న భయంతో రికార్డు కంపెనీలు పట్టుబట్టగా ఎస్‌సీఎంఎస్ అనే కట్టడి వచ్చింది. సీడీ నుంచి డిజిటల్ కేబుల్‌తో ఎండీకి ఒక నకలు తీసుకోవచ్చు. ఆ ఎండీ నుంచి ఇంకో ఎండీకి డిజిటల్‌గా తీయబోతే యంత్రం ఒప్పుకోదు. అమెరికాలో 1992 నాటి చట్టం ఇంటి డిజిటల్ రికార్డర్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసి, యంత్రాల మీద రెండు శాతం, ఖాళీ డిస్కులూ టేపుల మీద మూడు శాతం రాయల్టీ కూడా వేసింది. ఈ కట్టడికి తలవంచిన సంస్థ ఏదో గుర్తుంచుకోవాలి. 1984లో అమెరికా సుప్రీం కోర్టులో సినిమా కంపెనీల మీద గెలిచి, టీవీ కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం తప్పు కాదనిపించింది ఈ సోనీయే. నాలుగేళ్ళు తిరక్కుండా 1988లో అది సీబీఎస్ రికార్డ్స్ కంపెనీని కొనేసింది. రికార్డర్ అమ్మేవాడూ, రికార్డింగుకు భయపడేవాడూ ఒకే ఇంట్లో చేరారు. ఎండీ ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ.

హక్కుదారుల సొమ్ముకు రక్షణ వద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాట రాసినవాడికీ కట్టినవాడికీ పాడినవాడికీ కూలి దక్కాలి. అయితే ఆ కూలి అప్పటికే వసూలవుతోంది. జపాన్‌లో 1992లో చట్టం మార్చి, 1993 నుంచి డిజిటల్ రికార్డర్ల ధరలోనూ ఖాళీ డిస్కుల ధరలోనూ హక్కుదారులకు చెల్లించే పరిహారాన్ని కలిపారు. ఖాళీ ఎండీ కొన్న ప్రతి మనిషీ, అందులో తన బిడ్డ ముద్దుమాటలే పట్టుకున్నా సరే, కాపీ చేస్తాడన్న లెక్కతో ముందే డబ్బు కట్టాడు. కట్టాక కూడా తాళం తియ్యలేదు. రెండో సంగతి, ఆ తాళానికి ఎవరి సొత్తు ఏదో గుర్తుపట్టే తెలివి లేదు. మైకుతో పట్టిన సొంత ధ్వనికి కూడా ఒక తరం నకలే అనుమతి. ఆ నకలుకు నకలు లేదు. మూడోది, తాళం వేసినచోట దొంగ లేడు. అమెరికా 1992 చట్టం కంప్యూటర్లను పట్టించుకోలేదు. 1999లో రియో అనే ఎంపీత్రీ ప్లేయర్ మీద రికార్డు కంపెనీలు వేసిన కేసులో, అది కంప్యూటర్ నుంచి పాటలు తీసుకునే పరికరమే గాని ఆ చట్టం చెప్పే రికార్డర్ కాదని అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. పాటలు ఊళ్ళు దాటి ఖండాలు దాటి పోయింది కంప్యూటర్ దారిన. రాయల్టీ కట్టి, గంట గంటకూ ఒక్కో డిస్కు నింపుకునే ఇంటి రికార్డిస్టుకు మాత్రం చేతికి సంకెళ్ళు మిగిలాయి.

కంప్యూటర్‌తో చెలిమి చేసినప్పుడైనా ఆ సంకెళ్ళు వదులవుతాయని జనం ఆశపడ్డారు. 2001లో నెట్ ఎండీ వచ్చింది. యూఎస్‌బీ కేబుల్ తగిలిస్తే కంప్యూటర్‌లోని పాటలు గంటల పని లేకుండా నిమిషాల్లో డిస్కులోకి దిగుతాయి. కాని దిగడమే, ఎక్కడం లేదు. మైకుతో పట్టిన ఇంటర్వ్యూను అదే కేబుల్ మీద కంప్యూటర్‌లోకి పంపడానికి వీల్లేకుండా చేశారు. ధాన్యం పోసుకోవడానికి పైన నోరు పెట్టి, తీసుకోవడానికి కింద తూము మరచిన గాదె అది. ఒక తేడా ఏమిటంటే ఇక్కడ మరచిపోలేదు, కావాలనే మూశారు. కంప్యూటర్ నుంచి పంపే పాటలకు కూడా సోనీ సాఫ్ట్‌వేర్ లెక్కలు రాసేది: ఒక పాటను మూడు డిస్కుల్లోకి పంపావు, ఇక చాలు, ఒకటి వెనక్కి జమ చేస్తేనే నాలుగోది. జేబు యంత్రం నుంచి ధ్వని బయటికి రావాలంటే ఇయర్‌ఫోన్ రంధ్రం ఒక్కటే గతి. అక్కడి నుంచి వైరు లాగి కంప్యూటర్ సౌండ్ కార్డుకు కలిపి, గంట ధ్వనిని గంటసేపు ఆడించి మళ్ళీ పట్టుకోవాలి. డిజిటల్‌గా పుట్టిన ధ్వని ఒకసారి అనలాగ్‌గా మారి మళ్ళీ డిజిటల్ కావాలి. 2004లో ఒక గిగాబైట్ డిస్కుతో హై ఎండీ వచ్చినప్పుడు ఏ కుదింపూ లేకుండా 94 నిమిషాలు పట్టుకునే వీలు, కొత్త రికార్డింగులను కంప్యూటర్‌కు ఎక్కించే దారి దొరికాయి. పాత ఎండీల్లో ఉన్న ధ్వనిని యూఎస్‌బీ ద్వారా బయటికి తెచ్చిన మొదటి సోనీ యంత్రం, ఎంజెడ్-ఆర్‌హెచ్1, 2006లో గాని రాలేదు. పధ్నాలుగేళ్ళ పాటు జనం నింపుకున్న డిస్కులకు తలుపు తీసిన ఆ యంత్రమే చివరి ఎండీ వాక్‌మన్ అయింది. సోనీ 2011లో దాన్ని ఆపేసింది, 2013లో మిగిలిన ఎండీ స్టీరియోలను ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో ఖాళీ డిస్కుల తయారీ కూడా మానుకుంది.

తాళం లేకపోయినా ఎండీ బతికేది కాదు కదా అని ఇంకో అభ్యంతరం రావచ్చు. నిజమే. 2001 నవంబరులో వచ్చిన ఐపాడ్ వెయ్యి పాటలు మోసింది. డిస్కులు మార్చే పని లేదు. తిరిగే డిస్కు ఏదో ఒకనాడు ఆగాల్సిందే. అయితే డిస్కు పోవడం వేరు, రికార్డు చేసే అలవాటు పోవడం వేరు. ఆ ఐపాడ్‌లో రికార్డు బటన్ లేదు. అది వినేవాడి యంత్రం. వినేవాడు అటు వెళ్ళిపోయినా, రికార్డు చేసేవాడికి అప్పట్లో ఎండీకి దీటైన జేబు యంత్రాలు అరుదు. మైకు మనుషులు అందుకే దాన్ని వదల్లేదు. సరిగ్గా వాళ్ళకే నెట్ ఎండీ మొండిచెయ్యి చూపింది. పట్టిన ధ్వనిని కంప్యూటర్‌లో దిద్దుకునే రోజులు వచ్చిన వేళ కంప్యూటర్‌కు చేరకుండా ఆపింది. మార్కెట్లో ఓడిపోయే వైపు నిలబడి కూడా, తనను వదలని జనాన్ని నిలుపుకునే అవకాశం సోనీకి అయిదేళ్ళ పాటు ఉంది. ఆ అయిదేళ్ళూ పాత డిస్కులకు తలుపు మూసి కూర్చుంది. తర్వాత ఫ్లాష్ మెమరీ రికార్డర్లు వచ్చి, రికార్డు చేసిన ఫైలును మామూలు ఫైలులా కంప్యూటర్‌కు ఇచ్చేశాయి. మైకు మనుషులు అటు నడిచారు. వాళ్ళను లాక్కుపోయింది గొప్ప ధ్వని అని చెప్పలేం. తెరిచి ఉన్న తలుపు.

ఇక మిగిలిన డిస్కుల సంగతి. ఎండీ డిస్కులు గట్టివే గాని, వాటిని ఆడించే యంత్రాలు అలసిపోతున్నాయి: లేజర్లు మసకబారుతున్నాయి, డెక్కుల్లోని రబ్బరు బెల్టులు సాగుతున్నాయి, సన్నటి చార్జింగ్ బ్యాటరీలు లోపలే కారి తుప్పు పట్టిస్తున్నాయి. ధ్వనిని బయటికి తేవడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి అనలాగ్‌గా. అందరికీ అందేది, అన్నిటికన్నా నాసి. రెండోది, ఆప్టికల్ అవుట్ ఉన్న డెక్ నుంచి డిజిటల్‌గా. ధ్వని చెడదు గాని గంటకు గంట పడుతుంది, పాటల పేర్లు రావు. మూడోది, డిస్కు మీదున్న ఎట్రాక్ బిట్లను ఉన్నవి ఉన్నట్టుగా యూఎస్‌బీ మీద ఎత్తుకోవడం. పేర్లతో సహా వస్తాయి. ఈ మూడో దారి చాలాకాలం ఆర్‌హెచ్1 ఉన్నవాళ్ళకే. ఈ మధ్య ఔత్సాహికులు నెట్ ఎండీ యంత్రాల లోపలి ప్రోగ్రామును విప్పి చదివి, సోనీ మూసిన దారిని చాలా యంత్రాల్లో తెరిచారు. కంప్యూటర్ బ్రౌజర్‌లోంచే ఆ పని జరుగుతోంది. ఎట్రాక్ ఎలాగూ ధ్వనిలో కొంత పారేసే పద్ధతి, అంత జాగ్రత్త ఎందుకు అనేవాళ్ళున్నారు. పారేసే పద్ధతి కాబట్టే జాగ్రత్త కావాలి. ఒకసారి కోసుకుపోయిన ధ్వనిని మళ్ళీ ఎంపీత్రీ చేస్తే రెండో కత్తెర పడుతుంది, ఆ రెండు కత్తెరలూ ఒకే చోట కోయవు. ఎత్తుకున్న ఎట్రాక్ ఫైలును అలాగే దాచి, వినడానికి దాన్నుంచి, ధ్వనిలో ఏదీ పారేయని ఫ్లాక్ ఫార్మాట్‌లో నకలు తీసుకోవడం మేలు. ఎట్రాక్‌ను విప్పగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడుంది కాబట్టి ఆ మూలం రేపు కూడా పలుకుతుంది.

ఇప్పుడు అందరి జేబులోనూ రికార్డర్ ఉంది కదా, ఇంకేం పోయింది అన్నది చివరి అభ్యంతరం, అన్నిటిలోకీ బలమైనది. ఫోను పట్టే ధ్వని బాగుంటుంది, గంటల లెక్క లేదు, పంపడం క్షణాల పని. ఆ సౌకర్యాన్ని కాదని గంటకు గంట పట్టే కాలానికి వెళ్ళాలనే వాదన ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కించేటప్పుడు వేచి ఉండటంలో సుగుణం ఏమీ లేదు, అది అప్పటి యంత్రం పరిమితి. కాని ఎండీ చుట్టూ ఉన్న పనుల్లో ఒకటి మాత్రం పరిమితి వల్ల పుట్టి పరిమితిని మించిపోయింది: పట్టిన ధ్వనిని విడగొట్టి, అనవసరమైనది తీసేసి, పేరు పెట్టి, ఒకచోట ఉంచడం. ఫోనులోని రికార్డింగులు తేదీలూ అంకెలూ పేర్లుగా పేరుకుపోతున్నాయి. అమ్మమ్మ చెప్పిన కథ ఏ అంకె వెనుక ఉందో ఆమె మనవరాలికి తెలియదు. పాటల విషయంలోనైతే తాళం ఇంకా పెద్దదైంది. నెలనెలా డబ్బు కట్టి వినే యాప్‌లలో డౌన్‌లోడ్ అనే బటన్ ఉంటుంది. చందా ఆగిన రోజున ఆ డౌన్‌లోడ్ పలకదు. నెట్ ఎండీ చూపిన దారినే, ఇంకా నున్నగా చేసి, ఇప్పుడు అందరం నడుస్తున్నాం. అప్పట్లో తాళం కనిపించేది కాబట్టి జనం విసుక్కున్నారు. ఇప్పుడు కనిపించదు.

2011 నాటికి దాదాపు 2.2 కోట్ల ఎండీ వాక్‌మన్లు అమ్ముడుపోయాయి. ఆ చేతుల్లో నిండిన డిస్కుల్లో చాలా భాగం మళ్ళీ ఎక్కడైనా దొరికే సినిమా పాటలు, పాప్ పాటలు కావచ్చు; అవి పోయినా లోకానికి నష్టం లేదు. మైకుతో పట్టినవి మాత్రం ఒక్కొక్కటే ప్రతి. కట్టడి రూపొందించినవాళ్ళు మొదటి రకాన్ని కాపాడబోయి రెండో రకాన్ని బందీ చేశారు. దొరికేదాన్ని దాచి, దొరకనిదాన్ని పోగొట్టే ఏర్పాటు అది. మన ఇళ్ళలోని టేపులకు ఆ బాధ లేదు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్టుకు ఏ తాళమూ లేదు. మంచి ప్లేయర్ ఒకటి, కంప్యూటర్‌కు ఒక వైరు ఉంటే ఎవరైనా బయటికి తేవచ్చు. దాని శత్రువు బూజు, మరుపు మాత్రమే. కాబట్టి కొత్తగా ఏ పరికరం కొన్నా, ఏ యాప్‌లో గొంతు దాచినా ముందు అడగాల్సిన ప్రశ్న ఎంత పడుతుంది, ఎంత బాగా పలుకుతుంది అన్నది కాదు. నేను పెట్టింది నా అంతట నేను, ఎవరి అనుమతీ లేకుండా, అందరికీ తెలిసిన ఫార్మాట్‌లో తిరిగి తీసుకోగలనా అన్నది. ఎండీ కొన్నవాళ్ళకు ఆ ప్రశ్న అడిగే అవకాశం రాలేదు. మనకు వచ్చింది.